విజిల్ వేయలేని క్లైమాక్స్

ముందే చెప్పేస్తున్నా. ఈ వ్యాసంలో ‘ఎల్ సెక్రెటో దె సుస్ ఓహోస్’ అనే స్పానిష్ సినిమా క్లైమాక్స్ మొత్తం ఉంది. స్పాయిలర్ లేకుండా రాద్దామంటే కుదరదు. నేను మాట్లాడాలనుకుంటున్నదే ఆ చివరి భాగం గురించి. చూడని వాళ్ళు ఇక్కడే ఆపేసి, ఒక శనివారం రాత్రి సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసి, తర్వాత మిగతాది చదవండి. మ్యాగజైన్ ఎక్కడికీ పోదు.

చూసినవాళ్ళని అడిగితే ఎక్కువమంది అనే మాట ఒక్కటే: “క్లైమాక్స్ మామూలు మాస్ కాదు!” భార్యని చంపినవాడిని చట్టం వదిలేసింది, భర్త మాత్రం వదల్లేదు, పాతికేళ్ళు సొంత జైల్లో పెట్టాడు. వినడానికి నిజంగానే మాస్‌గా ఉంటుంది. కానీ నాకు ఆ సీన్ చూస్తే విజిల్ వేయాలని అనిపించలేదు, భయం వేసింది. ఆ సినిమా కూడా మనం భయపడాలనే తీశారని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ఇది 2009లో వచ్చిన అర్జెంటీనా సినిమా. దర్శకుడు హువాన్ హోసే కాంపనెల్లా. ఎదువార్దో సచేరి రాసిన నవల ఆధారం. 2010లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ గెలిచింది. టైటిల్‌ని తెలుగులోకి తేవాలంటే చిన్న చిక్కు ఉంది. స్పానిష్‌లో ‘సుస్’ అంటే అతని, ఆమె, వాళ్ళ, మీ, ఏదైనా కావచ్చు. అంటే ‘అతని కళ్ళలో రహస్యం’ అనొచ్చు, ‘ఆమె కళ్ళలో రహస్యం’ అనొచ్చు, ‘మీ కళ్ళలో’ అని కూడా అనొచ్చు. ఎవరి కళ్ళు అన్నది సినిమా చివరిదాకా మారుతూనే ఉంటుంది.

కథ 1974లో బ్యూనస్ ఐరిస్‌లో మొదలవుతుంది. లిలియానా అనే 23 ఏళ్ళ టీచర్‌ని ఇంట్లోనే అత్యాచారం చేసి చంపేస్తారు. కొత్తగా పెళ్ళైన అమ్మాయి. భర్త మొరాలెస్ బ్యాంకులో గుమాస్తా. కేసు చూసేది బెంహమిన్ ఎస్పోసితో (రికార్డో దారిన్). ఇతను పోలీసు కాదు, లాయరూ కాదు, కోర్టు ఆఫీసులో ఉద్యోగి. పక్కన సాందోవల్ అనే తాగుబోతు స్నేహితుడు, పైన ఇరెనె అనే కొత్త ఆఫీసర్. ఇరెనె అంటే ఎస్పోసితోకి ప్రాణం, కానీ నోరు తెరిచి చెప్పడు.

కేసు మొదట్లో ఒక చిన్న సంఘటన జరుగుతుంది. క్లైమాక్స్ గురించి వాదించేవాళ్ళు దీన్ని దాదాపు ఎప్పుడూ గుర్తు చేసుకోరు. హత్య జరిగిన కొద్దిరోజులకే “దొంగలు దొరికారు, నేరం ఒప్పుకున్నారు” అంటారు. ఎస్పోసితో వెళ్ళి చూస్తే, ఆ దగ్గర్లో బిల్డింగ్ పని చేసే ఇద్దరు కూలీలు, ఒళ్ళంతా దెబ్బలతో కూర్చుని ఉంటారు. కొట్టి ఒప్పించారు. రొమానో అనే అధికారికి కేసు త్వరగా క్లోజ్ అయితే చాలు. ఎస్పోసితో కోపంతో వాడి మీద పడి కొట్టబోతాడు. సీన్ నాలుగు నిమిషాలు కూడా ఉండదు, తర్వాత కథ వేరే దారిలో వెళ్ళిపోతుంది. ఆ ఇద్దరు కూలీలని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాళ్ళ దగ్గరికి వస్తాను.

అసలు హంతకుడు ఒక ఫొటో ఆల్బమ్‌లో దొరుకుతాడు. పాత ఫొటోలన్నిటిలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఒక్కడు మాత్రం లిలియానా వైపే చూస్తుంటాడు. పేరు ఇసిదోరో గోమెస్. పేరు తెలిసినా మనిషి దొరకడు. అప్పుడు మొరాలెస్ ఏం చేస్తాడంటే, రోజూ బ్యాంకు పని అయ్యాక రైల్వే స్టేషన్‌కి వెళ్ళి కూర్చుంటాడు. గోమెస్ ఎప్పటికైనా ఈ ఊళ్ళో రైలు ఎక్కక తప్పదు కదా, అప్పుడు చూస్తాను అని. ఏ రోజు ఏ స్టేషన్ అని టైమ్ టేబుల్ కూడా వేసుకుంటాడు. ఏడాది తర్వాత ఎస్పోసితో అనుకోకుండా చూసేసరికి అతను ఇంకా అదే బెంచీల మీద ఉంటాడు. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే ఇన్ఫినిట్ లూప్. ఎగ్జిట్ కండిషన్ ఒక్కటే, గోమెస్ మొహం.

చివరికి గోమెస్ రాసిన ఉత్తరాల్లో ఉన్న పేర్లన్నీ రేసింగ్ క్లబ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళవని సాందోవల్ కనిపెడతాడు. మనిషి ఇల్లు, ఊరు, మొహం అన్నీ మార్చుకోగలడు గానీ పిచ్చిని మార్చుకోలేడన్నది అతని లాజిక్. ఇక్కడే ఆ ప్రసిద్ధమైన స్టేడియం షాట్ వస్తుంది. ఆకాశం నుంచి మొదలై, జనంలోకి దిగి, మెట్ల మీద, బాత్‌రూమ్‌లో, గోడ మీద నుంచి కిందికి, చివరికి ఆట మధ్యలో గ్రౌండ్‌లోకి. దాదాపు ఐదు నిమిషాలు, ఎక్కడా కట్ కనబడదు. గోమెస్ దొరుకుతాడు. ఇరెనె వాడి మగతనాన్ని ఎగతాళి చేస్తూ రెచ్చగొడితే, తట్టుకోలేక నేరం కక్కేస్తాడు. యావజ్జీవ శిక్ష పడుతుంది.

మన సినిమా అయితే ఇక్కడ అయిపోవాలి. ఇక్కడ మాత్రం అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది. కొంతకాలానికే మొరాలెస్ టీవీలో గోమెస్‌ని చూస్తాడు. వాడు జైల్లో లేడు, దేశాధ్యక్షురాలి అంగరక్షకుల్లో ఉన్నాడు! జైల్లో విప్లవకారుల మీద గూఢచారిగా పనికొచ్చాడని బయటికి తీసుకొచ్చారు. తీసుకొచ్చింది ఎవరో కాదు, కూలీలని కొట్టించిన ఆ రొమానోనే.

కొంచెం చరిత్ర తెలియకపోతే ఈ మలుపు సినిమా కోసం కల్పించినట్టుంటుంది. 1974 జులైలో హువాన్ పెరోన్ చనిపోయాక ఆయన భార్య ఇసబెల్ అధ్యక్షురాలైంది. అప్పట్లో ‘ట్రిపుల్ ఏ’ అనే హంతక ముఠా వామపక్షం వాళ్ళని వెతికి వెతికి చంపేది. దానికి ప్రభుత్వంలోని పెద్దల అండ ఉండేది. గోమెస్ లాంటివాడికి అలాంటి చోట ఉద్యోగం దొరకడం పెద్ద ఆశ్చర్యం కాదు. 1976 మార్చి 24న సైన్యం అధికారం లాక్కుంది, 1983 దాకా వదల్లేదు. ఆ ఏళ్ళలో మనుషులు మాయమైపోయేవాళ్ళు. రాత్రిపూట కారు వస్తుంది, తీసుకెళ్తారు, అంతే. అరెస్టు కాగితం ఉండదు, కేసు ఉండదు, శవం కూడా ఉండదు. గ్యారేజీల్లో, వర్క్‌షాపుల్లో, సైనిక స్కూళ్ళలో రహస్య చెరసాలలు నడిచాయి. స్పానిష్‌లో వాళ్ళకి ఒక పేరే పడింది: ‘దెసాపరెసిదోస్’, మాయమైనవాళ్ళు. తర్వాత వచ్చిన విచారణ సంఘం దాదాపు 9 వేల మంది వివరాలు నమోదు చేసింది. మానవ హక్కుల సంఘాలు చెప్పే సంఖ్య 30 వేలు.

ఇప్పుడు క్లైమాక్స్‌కి వద్దాం. పాతికేళ్ళు గడిచాయి. సాందోవల్‌ని చంపేశారు, ఎస్పోసితో అనుకుని. చంపడానికి వచ్చినవాళ్ళకి నేనే ఎస్పోసితో అని సాందోవల్ తనే చెప్పుకుని ఉంటాడని ఎస్పోసితో ఊహ. ఎస్పోసితో ప్రాణం కాపాడుకోవడానికి దూరంగా హుహుయ్ వెళ్ళిపోయి, ఎప్పటికో తిరిగొచ్చాడు. రిటైరయ్యాక ఆ కేసు మీద నవల రాస్తూ మొరాలెస్‌ని వెతుక్కుంటూ వెళ్తాడు. ఊరికి దూరంగా ఒంటరి ఇల్లు. మొరాలెస్ ముందు మాట దాటేస్తాడు, తర్వాత చెప్తాడు: గోమెస్‌ని పట్టుకుని, కారు డిక్కీలో వేసి, రైలు చప్పుడులో కాల్చేశానని. ఎస్పోసితో వెనక్కి బయల్దేరతాడు. దారిలో ఏదో తేడా కొడుతుంది. ఎందుకంటే ఇదే మొరాలెస్ ఒకప్పుడు మరణశిక్ష వద్దన్నాడు. చంపేస్తే వాడికి హాయి, వాడు ముసలివాడయ్యేదాకా బతకాలి, ఆ బతుకంతా ఖాళీగా ఉండాలి అన్నాడు. ఎస్పోసితో చీకట్లో వెనక్కి నడిచొచ్చి చూస్తాడు. మొరాలెస్ తిండి పట్టుకుని వెనక షెడ్డులోకి వెళ్తున్నాడు. లోపల ఊచలు. ఊచల వెనక ముసలివాడైన గోమెస్.

గోమెస్ విడిపించమని అడగడు. తనతో కనీసం మాట్లాడమని మొరాలెస్‌కి చెప్పమంటాడు, అంతే. అన్నేళ్ళలో మొరాలెస్ అతనితో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఈ శిక్ష నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది. మహాభారతంలో అశ్వత్థామ. రాత్రి నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అతనికి కృష్ణుడు పెట్టిన శాపం ఏంటి? మూడు వేల ఏళ్ళు ఒంటరిగా తిరుగు, నీతో మాట్లాడేవాడు ఒక్కడు కూడా ఉండకూడదు అని. చిన్నప్పుడు విన్నప్పుడు నెత్తుటి పుండు భాగమే గుర్తుండిపోయింది. మాట్లాడేవాళ్ళు లేకపోవడం శిక్ష ఎలా అవుతుందో అర్థం కాలేదు. గోమెస్ మొహం చూశాక అర్థమైంది. కానీ ఒక తేడా ఉంది. ఆ శాపం పెట్టినవాడు దేవుడు. పెట్టేసి తన పని తను చూసుకున్నాడు. మొరాలెస్ మనిషి. ఈ శాపాన్ని రోజూ తన చేతులతో తనే అమలు చేయాలి. పొద్దున, రాత్రి, పండక్కి, జ్వరం వచ్చినప్పుడు కూడా. ఎక్కడికీ వెళ్ళలేడు, ఎవరినీ ఇంటికి పిలవలేడు. గోమెస్‌తో మాట్లాడకూడదని పెట్టుకున్న నియమం వల్ల అతనికి కూడా ఆ ఇంట్లో మాట్లాడే మనిషి లేడు.

ఇక్కడే నాకు ‘మాస్’ అనే మాటతో పేచీ. మన పగ సినిమాల్లో పగ తీరగానే హీరో ఫ్రీ అయిపోతాడు. రక్తం తుడుచుకుంటాడు, ఎండ్ కార్డ్ పడుతుంది. పగ అనేది ఒక పనిలా ఉంటుంది, చేసేస్తే అయిపోతుంది. ఈ సినిమాలో పగ ఉద్యోగంలా ఉంది, రిటైర్మెంట్ లేని ఉద్యోగం. 2015లో హాలీవుడ్ వాళ్ళు దీన్ని రీమేక్ చేశారు, జూలియా రాబర్ట్స్, నికోల్ కిడ్మన్, చివెటెల్ ఎజియోఫోర్‌తో. అందులో బందీని చివరికి కాల్చేస్తారు. అంటే ప్రేక్షకుడికి ఊరట ఇచ్చేశారు. ఆ ఊరట ఇవ్వకపోవడమే ఒరిజినల్ గొప్పతనం అని నా నమ్మకం.

ఇంకా పెద్ద విషయం ఒకటుంది. మొరాలెస్ చేసిన పనిని ఒక్కసారి పేర్లు తీసేసి చూడండి. ఒక మనిషిని ఎత్తుకెళ్ళారు. అరెస్టు కాగితం లేదు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. రహస్య చెరలో ఏళ్ళ తరబడి ఉంచారు. అడిగితే చచ్చిపోయాడని అబద్ధం చెప్పారు. ఇది అచ్చంగా ఆ సైనిక ప్రభుత్వం చేసిన పనే! ఏ రాజ్యం తనకి అన్యాయం చేసిందో ఆ రాజ్యం పద్ధతినే మొరాలెస్ తన పెరట్లో కట్టుకున్నాడు. గోమెస్ కూడా ఒక ‘దెసాపరెసిదో’ అయిపోయాడు. గోమెస్ మీద నాకు జాలి లేదు. మొరాలెస్ లాంటి మంచివాడు, నెమ్మదైనవాడు, భార్యని అంత ప్రేమించినవాడు అలా తయారవడం చూసి భయం వేసింది.

“మరి అతను ఏం చేయాలి? కోర్టు శిక్ష వేసింది, ప్రభుత్వం వదిలేసింది కదా” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఈ సినిమాలో లేదు, అర్జెంటీనా చరిత్రలో ఉంది. మొరాలెస్ లాగే ఎదురుచూసినవాళ్ళు అక్కడ ఇంకొందరున్నారు. 1977 ఏప్రిల్ 30న, పిల్లలు మాయమైపోయిన తల్లులు కొంతమంది అధ్యక్ష భవనం ఎదురుగా ఉన్న ప్లాసా దె మాయోలో నిలబడ్డారు. గుంపుగా నిలబడకూడదు అని పోలీసులు కదలమంటే, సరే అని చుట్టూ నడవడం మొదలుపెట్టారు. తర్వాత ప్రతి గురువారం, తలకి తెల్ల గుడ్డ కట్టుకుని. వాళ్ళని మొదలుపెట్టినవాళ్ళలో కొందరు తల్లులు కూడా మాయమైపోయారు. అయినా నడక ఆగలేదు. మొరాలెస్ స్టేషన్ బెంచీ మీద ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా ఎదురుచూశాడు. వీళ్ళు దేశం నడిబొడ్డున, అందరికీ కనబడేలా ఎదురుచూశారు.

1985లో సైనిక పాలకుల మీద మామూలు సివిల్ కోర్టులో కేసు నడిచింది. 8 వందల మందికి పైగా సాక్ష్యం చెప్పారు. విదేలా, మస్సేరాలకి యావజ్జీవ శిక్ష పడింది. దీని మీద 2022లో ‘అర్జెంటీనా, 1985’ అనే సినిమా వచ్చింది. అందులో ప్రాసిక్యూటర్‌గా వేసింది ఎవరో తెలుసా? మళ్ళీ రికార్డో దారినే! 2009లో షెడ్డు దగ్గర నోరు పడిపోయి నిలబడ్డ మనిషే ఇక్కడ కోర్టులో నిలబడి మాట్లాడతాడు. ఈ రెండు సినిమాలు వరసగా చూడండి, ఒకే ప్రశ్నకి రెండు జవాబుల్లా ఉంటాయి.

అయితే చట్టం ఏదో గెలిచేసిందని కథ చెప్పను. 1986, 87లలో కేసుల్ని ఆపేసే చట్టాలు తెచ్చారు. 1990 నాటికి అధ్యక్షుడు మెనెం పెద్ద దోషులకి కూడా క్షమాభిక్ష పెట్టి వదిలేశాడు. సినిమాలో ఎస్పోసితో నవల రాసే కాలానికి, 1999కి, హంతకులు వీధుల్లో మామూలుగా తిరుగుతున్నారు. అప్పుడు మొరాలెస్‌ని అడిగితే “చూశావా, నేను చేసిందే రైటు” అనేవాడు. కానీ 2003లో పార్లమెంటు ఆ చట్టాల్ని రద్దు చేసింది, 2005లో సుప్రీంకోర్టు అవి చెల్లవంది. కేసులు మళ్ళీ తెరిచారు. విదేలాకి 2010లో మళ్ళీ యావజ్జీవం పడింది. 2013లో జైల్లోనే చనిపోయాడు.

ఎలా తెరవగలిగారు? రికార్డు ఉంది కాబట్టి. సాక్ష్యాలు, పేర్లు, తేదీలు, అన్నీ అందరి ముందు చెప్పినవి, కాగితం మీద ఉన్నవి. కోర్టు తప్పు చేయొచ్చు, అమ్ముడుపోవచ్చు, లేటు చేయొచ్చు. కానీ కోర్టు చేసిన తప్పుకి ‘అండూ’ ఉంది. మొరాలెస్ షెడ్డుకి అది లేదు. రేపు మొరాలెస్ గుండెపోటుతో పోతే లిలియానాకి జరిగిన అన్యాయానికి ఏ రికార్డూ మిగలదు, ఊచల వెనక ఆకలితో చచ్చిన ఒక శవం తప్ప.

ఇప్పుడు ఆ ఇద్దరు కూలీల దగ్గరికి వద్దాం. ఎస్పోసితో నమ్మేసి ఉంటే? రొమానో వాళ్ళని ఇంకో అడుగు ముందుకేసి కాల్చేసి ఉంటే? ఊరంతా చప్పట్లు కొట్టేది. మొరాలెస్ కూడా థ్యాంక్స్ చెప్పేవాడేమో. గోమెస్ హాయిగా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసుకునేవాడు.

ఇది దూరదేశం ముచ్చట అనుకోవడానికి మనకి వీల్లేదు. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ నేరం తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. నేనప్పుడు స్కూల్లో ఉన్నా. పోలీసుల మీద పూలు చల్లిన వీడియోలు ఫోన్ ఫోన్‌కీ తిరిగాయి. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళని చెడ్డవాళ్ళని నేననను. కోర్టుల మీద నమ్మకం పోయినవాళ్ళు, భయపడ్డ తల్లిదండ్రులు. కానీ తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పిందో చదివినవాళ్ళు ఎంతమంది? ఆత్మరక్షణ కోసం కాల్చామన్న పోలీసుల మాట నమ్మదగినది కాదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. పూల వీడియో వైరల్ అయినంతగా ఈ రిపోర్టు అవ్వలేదు. ఆ నలుగురి మీద కేసు కోర్టులో నడవలేదు, ఇక నడవదు కూడా. ఆ అమ్మాయికి ఏం జరిగిందన్నది ఒక న్యాయమూర్తి ముందు సాక్ష్యాలతో తేలే అవకాశం ఆ తెల్లవారుజామునే పోయింది.

సినిమా చివర్లో ఎస్పోసితో ఎవరికీ ఫోన్ చేయడు. తలుపు వేసి వచ్చేస్తాడు. సాందోవల్ సమాధి మీద పూలు పెడతాడు. తర్వాత ఇన్నాళ్ళూ చెప్పలేని మాట చెప్పడానికి ఇరెనె దగ్గరికి పరిగెడతాడు. ముందొక సీన్‌లో నిద్రమత్తులో ఒక చీటీ మీద ‘తెమో’ అని రాసుకుంటాడు. భయపడుతున్నాను అని అర్థం. అతని పాత టైప్‌రైటర్‌లో ‘ఎ’ అక్షరం పనిచేయదు. చివర్లో ఆ చీటీలో ‘ఎ’ అక్షరం చేరుస్తాడు, ‘తె ఆమో’ అవుతుంది. నిన్ను ప్రేమిస్తున్నాను. చాలామందికి ఇది లవ్ ట్రాక్‌కి హ్యాపీ ఎండింగ్. నాకు మాత్రం మొరాలెస్‌ని చూసి బెదిరి పారిపోతున్న మనిషిలా కనిపించాడు. పాతికేళ్ళు ఒక్క రోజునే పట్టుకుని బతికితే ఎలా ఉంటుందో ఆ షెడ్డులో చూసొచ్చాడు మరి.

కాబట్టి ఇంకోసారి ఈ సినిమా చూస్తే, ఊచల వెనక గోమెస్‌ని చూసి విజిల్ వేసేముందు, ఊచలకి ఇవతల ఉన్నవాడిని కూడా ఒక్క నిమిషం చూడండి. చేతిలో తిండి పట్టుకుని నిలబడి ఉంటాడు. జుట్టంతా ఊడిపోయింది. రేపు పొద్దున మళ్ళీ తీసుకురావాలి.